కాశీయాత్ర చరిత్ర: దాని విలువయు, పాఠకలోకమున దాని వ్యాప్తియు

యాత్ర చేసినవారికంటె యాత్రావృత్తాంతమును విన్నవారి సంఖ్య ఏ కాలమునందైనను ఎక్కువయే. ఊరికొక్కరు కాశికి పోయి వచ్చెడి దినములలో ఆ యొక్కరి మాటలే ఊరందఱికిని కాశి. “కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే” అను సామెత ఊరక పుట్టలేదు. తిరిగి వచ్చుట నిశ్చయము కాని ఆ కాలమున, తిరిగి వచ్చినవాడు గంగచెంబుతోపాటు ఒక కథను గూడ తెచ్చుచుండెను. కాశీ సమారాధన ముగిసిన పిదప అరుగుమీద చేరిన బంధువు లడిగెడి ప్రశ్నలు భక్తికి సంబంధించినవి మాత్రమే కావు. దారి యెట్టిది? మంచినీరు దొరకునా? సత్రము లున్నవా? దొంగల భయ మెంత? పండాలకు ఎంత ముట్టజెప్పవలసి వచ్చినది? ఈ ప్రశ్నలకు నిజమైన సమాధానము చెప్పునదే యాత్రాగ్రంథము. చెప్పనిది స్తోత్రమో, కథయో, ఆత్మస్తుతియో అగును.

ఈ కొలతతో తెలుగు యాత్రాసాహిత్యమును పరిశీలించినచో మొదట నిలుచునది ఏనుగుల వీరాస్వామయ్య వ్రాసిన కాశీయాత్ర చరిత్ర. ఆ గ్రంథము ఎవరికొఱకు పుట్టినది, ఎట్లు వ్యాపించినది, ఏల మఱుగుపడినది, ఏల మఱల వెలుగులోనికి వచ్చినది అను నాలుగు విషయములను విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. గ్రంథకర్త చెన్నపట్టణవాసి యగుటచేతను, ఆయన నడచిన దారిలో కొంతభాగము నేటి తమిళనాడు, మహారాష్ట్ర, ఒడిశా రాష్ట్రములలో నుండుటచేతను, రాష్ట్రేతరాంధ్రులకు ఈ విచారణ మిక్కిలి దగ్గఱిది.

1. కావ్యములలో యాత్ర

వీరాస్వామయ్యకు పూర్వము తెలుగున యాత్రాప్రసంగము లేకపోలేదు. శ్రీనాథుని కాశీఖండము, భీమఖండము క్షేత్రమహిమను చాటిన గ్రంథములు. అయినను అవి క్షేత్రమునకు చేరిన పిదప కలుగు ఫలమును చెప్పును. చేరు మార్గమును చెప్పవు.

యాత్రాకథలపై మానవునకు గల ఆకలిని చిత్రించుటలో అల్లసాని పెద్దన మనుచరిత్రమునకు సాటి లేదు. అరుణాస్పదపురమున ప్రవరుడు నిత్యానుష్ఠానపరుడు. ఇల్లు విడిచి పోలేనివాడు. కాని తీర్థయాత్రికుడెవడు వచ్చినను ఎదురేగి తెచ్చి, పూజించి, భోజనము పెట్టి, ఏయే దేశములు చూచితివని అడుగుచుండును. ఊరు కదలని పాఠకునకు ఇంతకంటె మంచి చిత్రము తెలుగు కావ్యములలో లేదు. ఒకనాడు వచ్చిన సిద్ధుడు కేదారము, హింగుళ, ప్రయాగ, బదరి మొదలగు పేర్లను వరుసగా చెప్పును. అన్నియు చూచుటకు ఏండ్లును పూండ్లును పట్టునే, ఇంత చిన్నవయసున ఎట్లు సాధ్యమైనదని ప్రవరునకు సందేహము కలుగుట సహజము. దానికి సమాధానము పాదలేపము. పసరు పూసికొన్నవానికి దారితో పని లేదు గనుక సిద్ధుని మాటలలో దారి లేదు. పేర్ల పట్టికయే విని బయలుదేరిన ప్రవరుడు హిమాలయమున పసరు మంచుకు కరగిపోగా దారి తెలియక చిక్కుకొన్నాడు. పెద్దన ఉద్దేశించినను ఉద్దేశింపకున్నను, మార్గమును చెప్పని యాత్రాకథను నమ్మి బయలుదేరినవాని గతి ఎట్లుండునో ఆ ఘట్టము చక్కగా తెలుపుచున్నది. పాదలేపము లేని మానవుని యాత్రను తెలుగువారు చదువుటకు మఱి మూడు శతాబ్దములు పట్టినది.

2. గ్రంథము పుట్టిన విధము

వీరాస్వామయ్య చెన్నపట్టణపు సుప్రీంకోర్టున ప్రధాన ఇంటర్‌ప్రిటరు. అనగా నాటివారు దుబాసీ యని పిలిచెడి పదవియందున్నవాడు. ఆంగ్ల న్యాయాధిపతికిని దేశీయ వాదిప్రతివాదులకును నడుమ నిలిచి, ఒకరి మాటను మఱియొకరికి చేరవేయుట ఆయన వృత్తి. తాను విన్నదానిని పెంచక, తగ్గింపక చెప్పుట ఆ వృత్తికి ప్రాణము. ఆయన రచనకు గల ప్రధానగుణము ఈ అభ్యాసము నుండియే వచ్చినదని చెప్పుట సాహసము కాదు.

1830 మే 18వ తేదీన తండయారువేడులోని తన తోటనుండి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఆయన మఱల చెన్నపట్టణము చేరెను. పదునైదు నెలలకు పైబడిన ఈ ప్రయాణమున తిరుపతి, అహోబలము, శ్రీశైలము సేవించి, హైదరాబాదుమీదుగా నిర్మల, నాగపూరు, జబ్బలుపూరు దాటి, ప్రయాగ, కాశి, గయ దర్శించి, గంగమీద పడవలో కలకత్తాకు పోయి, అటనుండి కటకము, పూరీ, గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు మార్గమున ఇల్లు చేరెను. భారతదేశమున ప్రయాణికుల రైలు 1853వఱకు నడువలేదు. దేశమంతటికిని ఒకే తపాలా రుసుము 1854వఱకు ఏర్పడలేదు. అట్టి కాలమున దారిలో నుండియే తన దినచర్యను ఆయన లేఖలరూపమున మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు పంపుచుండెను. ఆ మిత్రుని కోరికయే రచనకు ప్రేరణ.

ఇచ్చట విమర్శకుడు ఒక విషయమును గమనింపవలెను. ఈ గ్రంథము రాజాంకితము కాదు. పండితసభకొఱకు పుట్టినది కాదు. ఇంటిపట్టున నుండి ఎదురుచూచు మిత్రునికొఱకు, ఆయనద్వారా చెన్నపట్టణమందలి స్నేహితులకొఱకు పుట్టినది. ఆ పాఠకులు తమిళులు, తెలుగువారు, ఆంగ్లము నేర్చిన ఉద్యోగులు, వర్తకులు. రేపో మాపో తామును అదే దారిన పోవలసినవారు. అట్టివారికి అలంకారములు అక్కఱలేదు, నిజము కావలెను. చదువరి ఎవడో తెలిసి వ్రాసిన రచనకు గల నిబ్బరము గ్రంథమంతట కానవచ్చుచున్నది. వీరాస్వామయ్య 1836లో పరమపదించెను. శ్రీనివాసపిళ్ళ మిత్రధర్మమును మఱువక 1838లో గ్రంథమును అచ్చువేయించెను. చెన్నపట్టణమున చేతివ్రాతలుగా వెలసిన లేఖలు ఈ విధముగా లోకమునకు పుస్తకమైనవి.

3. వివరముయొక్క విలువ

మొదటిమాఱు చదువువానికి గ్రంథము కొంత విసుగు పుట్టించిన ఆశ్చర్యము లేదు. ఉదయమున ఏ వేళకు బయలుదేరిరి, ఎన్ని ఆమడలు నడచిరి, దారి రాతినేలయా, రేగడియా, అడవియా, మజిలీ చేసిన ఊరిలో ఇండ్లెన్ని, అంగళ్ళున్నవా, నీరు బావిదా, చెఱువుదా, ఏఱు దాటుటకు పడవ కలదా – ఈ విషయములు మజిలీ మజిలీకి వచ్చుచుండును. కావ్యరసమును కోరినవాడు పుస్తకమును మూసివేయును. కాని పోబోవువానికి ఒక్కొక్క వాక్యమును విలువగలది. సత్రము లేని ఊరిలో సాయంకాలము చిక్కుకొనుట యేమో ఎఱిగినవానికే “ఇచ్చట అంగళ్ళు లేవు” అను మాటలోని బరువు తెలియును.

గ్రంథకర్త వివరములతో నిలిచిపోలేదు. ఒక సీమనుండి మఱియొక సీమకు పోవునప్పుడు మాటలో, కట్టుబట్టలో, ఇంటి కప్పులో, దేవాలయ మర్యాదలో వచ్చు మార్పులను గుఱుతించుచు పోయెను. హైదరాబాదున నవాబు నాసిరుద్దౌలా కాలపు నగరమును, చందూలాలు చేతిలోని పరిపాలనను, ఆయుధధారులు సంచరించు వీధులను చూచి, ప్రక్కనే యున్న ఆంగ్ల దండులోని క్రమముతో పోల్చెను. నాగపూరున నాటికి భోంసలేల రాజ్యము నిలిచియుండెను. అది కంపెనీ పాలనలో కలిసినది 1854లో. ప్రయాగ, గయ, పూరీ క్షేత్రములలో కంపెనీ ప్రభుత్వము యాత్రికుల పన్ను వసూలు చేయుచుండిన కాలమది. ఆ పన్ను 1840లో రద్దయినది. ఇట్లు అంతరించిన రాజ్యములకును, అంతరించిన ఏర్పాటులకును ఈ యాత్రికుడు తాను ఎఱుగకయే సాక్షి యైనాడు. చరిత్ర వ్రాయుదునని ఆయన కూర్చుండలేదు. మిత్రునకు దారి చెప్పుదునని కూర్చుండెను. చరిత్ర దానంతట అది వచ్చి చేరినది.

పూరీలో జగన్నాథుని మహాప్రసాదమును అన్ని కులములవారును కలిసి భుజించు ఆచారము, గయలోను కాశిలోను తీర్థవాసుల రాబడి మార్గములు మున్నగు విషయములను చెప్పునప్పుడు గ్రంథకర్త భక్తుడుగా నుండియే పరిశీలకుడుగా మెలగెను. భక్తి యున్నచోట కన్ను మూసికొనవలెనను నియమము ఆయనకు లేదు. తీర్థమున మోసము జరిగిన మోసమనియే వ్రాసెను. క్షేత్రమహిమకు దానివలన భంగము కలుగునని భయపడలేదు. ఈ ధైర్యము తరువాతి యాత్రారచయితలలో అందఱకును అబ్బలేదు.

4. భాష

చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది. తెలుగు వచనమునకు అది ఒక ప్రమాణమైనది. అంతకు పదునైదు సంవత్సరములకు ముందే అచ్చైన కాశీయాత్ర చరిత్ర ఆ ప్రమాణమునకు లొంగదు. అది చెన్నపట్టణపు ఉద్యోగి యింటిలోను, కచ్చేరిలోను వాడిన తెలుగు. అందు హిందూస్తానీ, అరవ, ఆంగ్ల పదములు సంకోచము లేక కలిసినవి. ఏ సీమలో ఏ వస్తువును ఏ పేరుతో పిలుతురో ఆ పేరే ఆయనకు ఆమోదము.

ఈ భాషను చూచి పూర్వపండితులు కొందఱు ముఖము చిట్లించియుందురు. కాని బహుభాషా ప్రాంతములలో తరతరములుగా నివసించు తెలుగువారికి ఇది క్రొత్త కాదు. ఇంట తెలుగు, వీధిలో అరవమో కన్నడమో ఒరియాయో మరాఠీయో, కార్యాలయమున ఆంగ్లము – ఈ విధమైన జీవితము గలవాని నోట వచ్చు తెలుగు ఎట్లుండునో తెలిపెడి అచ్చు పుస్తకములలో ఇది ప్రాచీనములైనవానిలో ఒకటి. ఇట్టి భాష లోపము కాదు, జీవితమునకు గుఱుతు. వాక్యములు దీర్ఘములై, కర్త ఒకచోట, క్రియ మఱియొకచోట పడి పాఠకుని శ్రమపెట్టుట మాత్రము ఒప్పుకొనవలసిన దోషము.

5. రెండు జీవితములు

గ్రంథము 1838లో వెలువడి, 1869లో రెండవ ముద్రణ పొందినది. పిదప 1941లో దిగవల్లి వేంకటశివరావు విపులమైన వివరణలతో మూడవ కూర్పును ప్రకటించువఱకు 72 సంవత్సరములు గడచినవి. ఈ దీర్ఘమౌనమునకు కారణ మేమి?

మొదటి కారణము రైలు. మజిలీలు లేని ప్రయాణికునకు మజిలీల పుస్తకముతో పని లేదు. ఏ ఊరిలో నీరు మంచిది, ఏ అడవిలో పులి భయము కలదు అను జ్ఞానమునకు ఒక్క తరములో విలువ పోయినది. దారి చూపుటయే ప్రయోజనముగా గల పుస్తకము, దారి మాఱగానే ముసలిదగును.

రెండవ కారణము పాఠకుల రుచి. తెలుగునాట “కాశీ” అను పేరుతో ఇంటింట చదువబడిన పుస్తకము వీరాస్వామయ్యది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథలు. మణిసిద్ధుడను యతియు, ఆయన వెంట బయలుదేరిన గొల్ల బాలుడును కాశికి నడచుచుందురు. ప్రతి మజిలీయందును బాలుడొక వింతను చూచి అడుగును. యతి కథ చెప్పును. పండ్రెండు భాగములుగా సాగిన ఆ కథలను తరములవారు ఆదరించిరి. అందు మజిలీ కథకు తలుపు మాత్రమే. ఆ ఊరి సత్రము, నీరు, మనుష్యులు పాఠకునకు అక్కఱలేదు. రెండు గ్రంథములును కాశీదారిలోనివే. రెండింటియందును మజిలీలే ప్రకరణములు. ఒకటి దారిని చూచుమన్నది. మఱియొకటి దారిశ్రమను మఱువుమన్నది. వ్యాప్తిలో రెండవదే గెలిచినది. దీనికి దీక్షితులవారిని నిందింపరాదు, పాఠకులను నిందింపరాదు. నడచువానికి ఊతకఱ్ఱ కావలెను. ఇంట కూర్చున్నవానికి కథ కావలెను. ప్రజలు నడక మానిన కాలమున కథ గెలుచుట సహజము.

కాని వ్యాప్తి విలువకు కొలత కాదనుటకు 1941 నాటి కూర్పే నిదర్శనము. ప్రయోజనము నశించిన పుస్తకము సాక్ష్యముగా మఱల పుట్టినది. శివరావు వివరణలవలన పాఠకులకు ఆ మజిలీల పట్టికలో ఒక శతాబ్దికి పూర్వపు దేశము కనబడినది. 1973లో పి. సీతాపతి, వి. పురుషోత్తముల ఆంగ్లానువాదము హైదరాబాదున వెలువడి, తెలుగు రాని పరిశోధకులకును ఇది ఆధారగ్రంథమైనది. 1992లో ముక్తేవి లక్ష్మణరావు దానిని నేటి తెలుగునకు సన్నిహితముగా దిద్ది తెలుగు విశ్వవిద్యాలయముద్వారా అందించిరి. యాత్రాగ్రంథమునకు రెండు జీవితములు గలవు. మొదటిది తోటి యాత్రికునకు మార్గదర్శిగా. రెండవది తరువాతి తరమునకు సాక్షిగా. మొదటి జీవితమున నిజాయితీ లేనిదానికి రెండవ జీవితము లభింపదు.

6. చూడనివి, చూపనివి

గుణమును చెప్పి దోషమును దాచుట విమర్శ కాదు. వీరాస్వామయ్య ఒంటరి బాటసారి కాడు. డేరాలతో, బోయీలతో, పెద్ద పరివారముతో, సర్కారులో పలుకుబడి గలవాడుగా పోయెను. సామాన్య యాత్రికునకు మూసియున్న తలుపులు కొన్ని ఆయనకు తెఱచుకొన్నవి. ఆయన చూచిన దేశము ఆ తలుపులనుండి కనబడిన దేశము. కంపెనీ ప్రభుత్వముపట్ల ఆయనకు గల గౌరవము అచ్చటచ్చట తీర్పులను ఒక ప్రక్కకు ఒఱపించినది. స్వదేశ సంస్థానములలోని అవ్యవస్థను చూచిన చూపుతో కంపెనీ సీమలలోని పన్నుల భారమును ఆయన చూడలేదు. ఊరి మంచిచెడ్డలను నిర్ణయించుటలో అగ్రవర్ణ గృహస్థుని అవసరములే ఆయనకు తూనికఱాళ్ళు. ఆయనను మోసిన బోయీలకు ఆ దారి ఎట్లు కనబడెనో గ్రంథమువలన తెలియదు. స్త్రీల మాట వినబడుట అరుదు.

ఈ లోపమును కొంతవఱకు తీర్చినది అదే చెన్నపట్టణమునుండి వచ్చిన మఱియొక గ్రంథము. పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లండునకు పోయి, తాను చూచిన విశేషములను తెలుగున వ్రాసి, తానే ఆంగ్లమున ననువదించి 1876లో ప్రకటించెను. సముద్రయానము నిషిద్ధమని పలువురు నమ్మిన కాలమున ఒక తెలుగు స్త్రీ పరదేశమును చూచి, దాచుకొనక వ్రాయుట చిన్న సంగతి కాదు. అయినను ఆమె పేరు ఎఱిగిన తెలుగు పాఠకులు నేటికిని కొలదిమందియే. వ్యాప్తి ఎంత గ్రుడ్డిదో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కఱలేదు.

తరువాత చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి కాశీయాత్రలో సంభాషణ చమత్కారము, నాయని కృష్ణకుమారి కాశ్మీర దీపకళికలో భావనా సౌకుమార్యము, రావూరి భరద్వాజ ఇనుపతెర వెనుకలో పరదేశ సమాజ పరిశీలనము, కాలినడకనే వ్రతముగా గైకొన్న ఎం. ఆదినారాయణ భ్రమణకాంక్షలో నేలతో చెలిమి – ఇట్లు ఈ శాఖ పలువిధముల పెరిగినది. ఇందు ఒక్కొక్కరును వీరాస్వామయ్య మఱచిన ఒక్కొక్క విషయమును జ్ఞప్తికి తెచ్చిరి. కాని దారి ఖర్చు, నీటి రుచి, నిలువ నీడ – ఈ మూడింటిని ఆయనవలె పట్టించుకొన్నవారు తక్కువ.

7. రాష్ట్రేతరాంధ్రులకు ఈ గ్రంథము

వీరాస్వామయ్య యాత్ర చేసిన నాటికి ఆంధ్రరాష్ట్రము లేదు. అది ఏర్పడినది 1953లో. ఒడిశా 1936లో ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాము సీమలో అధికభాగము అందు చేరినది. 1831లో ఆయన ఆ సీమను దాటునప్పుడు అది మద్రాసు ప్రభుత్వములోని భాగమే. నాగపూరు చెంతనున్న కాంప్టీ దండు 1821లో ఏర్పడి, మద్రాసు సేనలకు స్థావరమైనది. ఆ సేనలతోపాటు తెలుగు కుటుంబములును అచ్చట నిలిచినవి. ఉత్తరదేశమున సిపాయిని “తిలంగా” యని పిలిచిన పిలుపులో ఈ చరిత్ర దాగియున్నది. ఈ గ్రంథమున తెలుగువాడు “మా రాష్ట్రము వెలుపలికి వచ్చితిని” అను భావముతో నడువడు. ఎక్కడ తెలుగు వినబడునో అక్కడివఱకు అది ఒక లోకము; అటుపై మఱియొక లోకము; నడుమ గీత లేదు, క్రమముగా జరుగు మార్పు కలదు. సరిహద్దులు గీచిన పిదప పుట్టినవారికి ఈ చూపు అబ్బుట కష్టము. తాము వలస వచ్చినవారమా, తమమీదుగా సరిహద్దు వచ్చినదా అని ప్రశ్నించుకొను బరంపురము, బళ్ళారి తెలుగువారికి ఈ గ్రంథము ఒక పత్రము వంటిది.

దీనినుండి ఒక కర్తవ్యము కూడ ఏర్పడుచున్నది. యానామునుండి పుదుచ్చేరికి కార్యాలయపు పనులమీద పోయివచ్చెడివారి దారి, కోలారు బంగారు గనులకు కూలికి పోయినవారి దారి, తమిళనాటి పల్లెలనుండి తిరుమలకు ముడుపుతో నడచెడివారి దారి – ఇవియు యాత్రలే. వీనిని గుఱించి పెద్దలు ఇండ్లలో చెప్పుకొనునది చాల కలదు, వ్రాసియుంచినది స్వల్పము. పాత జాబులు, జమాఖర్చు పుస్తకములు, యాత్రకు పోయినవారి దినచర్యలు పెట్టెలలో చెదలుపట్టుచున్నవి. లేఖలను భద్రపఱచి అచ్చువేయించిన శ్రీనివాసపిళ్ళ లేకున్నచో వీరాస్వామయ్య నేడు సుప్రీంకోర్టు ఉద్యోగుల జాబితాలో ఒక పేరు మాత్రమే. ఆ పుణ్యము వ్రాసినవానిదెంతయో, చదివి దాచినవానిదియు అంతయే. తెలుగు సంఘములు తమ తమ ఊళ్ళలో ఇట్టి వ్రాతలను వెదకి, నకళ్ళు తీయించి, ఒకచోట చేర్చుట అవసరము. అవి గొప్ప సాహిత్యము కానక్కఱలేదు. ఏ ఏట, ఏ దారిన, ఎంత ఖర్చుతో, ఎవరి యింట నిలిచి పోయిరో నిజముగా చెప్పిన చాలును.

కాశీయాత్ర చరిత్ర నేర్పు పాఠము ఇదియే. దారిని ఉన్నదున్నట్లు వ్రాసినవాడు తన కాలపు పదిమందికి ఉపకరించును. ఆ పదిమందిలో ఒక్కడు దానిని కాపాడినచో, రాబోవు తరములన్నింటికిని ఉపకరించును.